మా వాటా కింద రాసిచ్చిన మనిషి

కట్ట మీది నడక దారి మొదట్లో ఒక నల్లరాతి పలక ఉంది. పైన పెద్ద అక్షరాల్లో పెద్దవాళ్ళ పేర్లు, వాటి కింద మూడు శాఖల పేర్లు, అన్నిటికన్నా కింద, వంగి చూస్తే తప్ప కనపడనంత చిన్నగా నా పేరు. వరద వచ్చినప్పుడు దారిని కోసుకుపోయింది, బెంచీలను ఎత్తుకుపోయింది, ఆ పలకను మాత్రం ముట్టుకోలేదు. ఇంటికి ఎవరైనా చుట్టాలొస్తే మా ఆవిడ ఇప్పటికీ "మా ఆయన పేరు రాతి మీద ఎక్కిందండీ" అని చెబుతుంది. ఆ మాట వినగానే నేను మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి పోతాను.

డ్రెయిన్ల శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. విజయవాడకు పడమట కొండల మీద పడ్డ వాన ఊళ్ళోకి దిగకుండా చుట్టూ తిప్పి తీసుకుపోయే మళ్లింపు కాలవ ఒకటి చాలాకాలం నా చేతికింద ఉండేది. ఏడాదిలో ఎక్కువ రోజులు అది తూటికాడా గుర్రపుడెక్కా నిండిన గుంట. ఏ రెండు రోజులో అది నది. ఆ రెండు రోజుల కోసమే కట్ట. కట్టకు ఇవతల, మనిషి నిలువు లోతున, కాలనీ. అందులో వన్ టౌన్‌లో చేతిబళ్ళు తోసేవాళ్ళు, గోడౌన్లలో మూటలు మోసేవాళ్ళు, ఆటోలు నడిపేవాళ్ళు ఉండేవాళ్ళు.

ఆ కట్టకు ఒక లస్కరు ఉండేవాడు. కాలవ గట్లు కాచే పనివాణ్ణి మా శాఖలో లస్కరు అంటారు. నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న. కాంట్రాక్టు మీద చేరి, కాంట్రాక్టు మీదే తల నెరిసినవాడు. ఆయన ఇల్లు కూడా ఆ కాలనీలోనే, కట్టకు ఆనుకుని. రోజూ పొద్దున్నే ఒక ఇనప ఊచ భుజాన పెట్టుకుని బయలుదేరి, నాలుగడుగులకోసారి గట్టు వాలులో పొడిచి చూసేవాడు. పందికొక్కులు బొరియలు తవ్వుతాయి. పైకి గడ్డి పచ్చగానే ఉంటుంది, లోపల సొరంగం. నీళ్ళు నిండుగా వచ్చినప్పుడు ఆ సొరంగం నోరు తెరుచుకుంటే గంట చాలు, గండి పడటానికి.

కొత్తలో నేను ఆయన్ని అడిగాను, ఊచతో ఏం తెలుస్తుందయ్యా అని.

"మంచి మట్టి పట్టుకుంటది సార్. పీకినా వదలదు. చెడ్డ మట్టి మింగుద్ది" అన్నాడు. నా చేతికి ఊచ ఇచ్చి పొడవమన్నాడు. పొడిచాను. నాకు రెండుచోట్లా ఒకేలా అనిపించింది. ఆయన నవ్వి "మీకు పుస్తకాల్లో తెలుసుద్దిలెండి" అన్నాడు.

గట్టు వెంబడి ప్రతి ఫర్లాంగుకీ ఒక ఇసక గుట్ట ఉండేది. దాని పక్కన సరుగుడు బాదులు, ఒక రేకుల షెడ్డులో ఖాళీ గోతాలు. గండి పడే సూచన కనపడితే అప్పటికప్పుడు బస్తాలు నింపి వెయ్యడానికి. మా ముందరి తరం ఇంజనీర్ల నాటి నుంచీ ఉన్న పద్ధతి అది. వానాకాలం ముందు ఆ గుట్టలు చూసుకోవడం నా పని. పాతికేళ్ళు చూసుకున్నాను. ఒక్కసారి కూడా గండి పడలేదు. గండి పడలేదని వచ్చి నాకు దండం పెట్టినవాడు కూడా లేడు.

ఈ మాట సాకుగా చెప్పడం లేదు. కానీ నా లోపలి చెడ్డ మట్టి అక్కడే ఉంది.

నా సర్వీసు చివరి ఏళ్ళలో కట్ట మీద నడక దారి వెయ్యాలన్న ఆలోచన వచ్చింది. టైల్స్, బెంచీలు, దీపాలు, పూలమొక్కలు. ఊరికి నడవడానికి చోటు లేదన్నది నిజమే. మునిసిపల్ ఇంజనీరు కుర్రవాడు, చురుకైనవాడు, మాట తీయన. నా ఆఫీసుకొచ్చి కూర్చున్నాడు.

"గురువుగారూ, పైనుంచి డబ్బు రావాలంటే మూడు శాఖలు చెయ్యి కలపాలంట. ఒక్కళ్ళమే పోతే ఫైలు ముట్టుకోరు. మేం పనులు చేయిస్తాం, పట్టణాభివృద్ధి వాళ్ళు సగం ఇస్తారు. మీ వాటా ఏంటో చెప్పండి."

"మా దగ్గరేముందయ్యా? పూడిక తీయడానికే రెండేళ్ళ నుంచి దిక్కు లేదు."

"నగదే అక్కర్లేదండీ. స్థలం ఉందిగా మీకు. ఇంకా ఏదన్నా ఉంటే అదీ రాద్దాం. ఒక మనిషిని చూపించినా వాటా కిందే లెక్క."

స్థలం అంటే కట్ట. మనిషి అంటే ఎవరో ఆలోచించడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. నిర్వహణ కోసం మా శాఖ తరఫున ఒక పనివాణ్ణి పూర్తికాలం ఇస్తామని ఒప్పందంలో రాయించాను. మూడు శాఖల వాళ్ళం సంతకాలు పెట్టాం, ఫొటో దిగాం. అంత పెద్ద పనిలో నా శాఖ పైసా పెట్టకుండా సమాన భాగస్వామి అయిందని మా పై అధికారి భుజం తట్టాడు. ఆ రోజు ఇంటికి వెళ్తూ స్వీట్లు కొన్నాను.

లస్కరుకు మర్నాడు చెప్పాను. ఆయన కాసేపు ఊచ కొసతో నేల గీసి, "నన్నిచ్చేశారా సార్? సారెలో బిందె ఇచ్చినట్టు?" అన్నాడు.

"ఇవ్వడమేంటయ్యా, పని అదే కట్ట మీదేగా. పొద్దునా సాయంత్రం గేటు తీసి, మొక్కలకు నీళ్ళు పెట్టి, ఎవరూ బళ్ళు ఎక్కించకుండా చూస్తావు."

"మరి గట్టు ఎప్పుడు తిరగాలండి?"

"మధ్యలో తిరుగు."

"మధ్యలో ఎండండి. ఆ ఎండలో పందికొక్కు కూడా తిరగదు" అన్నాడు. అని నవ్వాడు. నేనూ నవ్వాను. అంతటితో ఆ విషయం అయిపోయిందనుకున్నాను.

ఆయనకు ఆకుపచ్చ చొక్కా, ఈల, నీళ్ళ పైపు ఇచ్చారు. పని మొదలయ్యాక మునిసిపల్ ఇంజనీరు ఇసక గుట్టలు తీయించమన్నాడు. ఫొటోల్లో సమాధుల్లా పడుతున్నాయన్నాడు. అతనన్న దాంట్లో అబద్ధం లేదు, అలాగే పడుతున్నాయి. గుట్టలు ఎత్తించి ఊరవతల మా యార్డులో పోయించాను. బాదులు కూడా. మోటారు సైకిళ్ళు ఎక్కకుండా దారి రెండు చివర్లా ఇనప స్తంభాలు పాతారు. అవి పాతుతున్నప్పుడు లస్కరు నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"బస్తాల ట్రాక్టరు ఎట్టా ఎక్కుద్ది సార్?"

"అవసరమొస్తే పీకిస్తాం."

"వానలో కాంక్రీటు పీకేదెవరండి?"

"అన్నిటికీ అడ్డం పుల్లలు పెట్టకయ్యా. జనం నడవడానికి నాలుగు అడుగుల దారి వేస్తుంటే నీకేంటి బాధ?"

అది నా నోటి నుంచి వచ్చిన మాటే. ఆయన ఈల నోట్లో పెట్టుకుని పక్కకు పోయాడు, ఊదలేదు.

దారి తెరిచాక నేనూ అక్కడే నడవడం మొదలుపెట్టాను. తెల్లబూట్లు కొనుక్కున్నాను. రిటైరైన మాష్టార్లు, డాక్టర్లు, బట్టల కొట్ల యజమానులు ఎదురొచ్చి "మంచి పని చేశారండీ" అనేవాళ్ళు. ఒకాయన గన్నవరం నుంచి మనవణ్ణి తీసుకొచ్చి నన్ను చూపించి, ఈ దారి వేసింది ఈయనే అని చెప్పాడు. కాదనలేదు. పాతికేళ్ళు పూడికలు తీయించి, గండ్లు పడకుండా కాపాడి సంపాదించలేని నమస్కారాలు నాకు నాలుగు బెంచీలు తెచ్చిపెట్టాయి. ఆ నమస్కారాల రుచి మరిగాను.

జనం పెరిగారు. దారి పక్కనే ఒక టిఫిను బండి వెలిసింది. పొద్దున పెసరట్టు, సాయంత్రం మిరపకాయ బజ్జీ. తిని ఆకులూ కాగితాలూ గట్టు వాలులోకి విసిరేవాళ్ళు. నేనూ ఆ బండి దగ్గర తిన్నాను. ఎంగిలి కోసం పందికొక్కులు వచ్చాయి. గట్టు పైభాగమంతా టైల్స్, వాలు మీద లాను గడ్డి. లానులో చిల్లులు పెట్టనివ్వరు, ఊచ దింపడానికి చోటు లేదు. లస్కరు మొక్కలకు నీళ్ళు పెడుతూనే, పైపు ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో ఊచ మొనను టైల్స్ మీద తట్టుకుంటూ పోయేవాడు. నడిచేవాళ్ళకు ఆ చప్పుడు చిరాకు. ఒకావిడ నాతో, "మీ మనిషి కాస్త తేడాగా ఉన్నాడండీ" అంది. రేపటి నుంచి ఊచ తేవద్దని ఆయనకు చెప్పాను. ఆయన తెచ్చేవాడు, నేను కనపడితే పైపు చుట్టలో దాచేవాడు.

వానలు మొదలయ్యే ముందు, ఒక పొద్దున ఆయన నా నడకకు అడ్డమొచ్చాడు.

"సార్, ఆరో బెంచీ కింద డొల్లండి."

"ఏం డొల్ల?"

"రండి, వినండి." తీసుకెళ్ళి బెంచీ ముందు తట్టాడు. నాలుగు గజాలు ఇవతల తట్టాడు. "చూశారా? ఇక్కడ టకటక, అక్కడ డబడబ. లోపల గుమ్మటం కట్టుంటది. ఓ పది టైల్స్ లేపితే రెండు రోజుల్లో పూడ్చేస్తానండి. మట్టి కూడా నేనే మోసుకొస్తా."

రెండు చప్పుళ్ళూ నాకు ఒకటిగానే వినపడ్డాయి. అది నిజం. కానీ ఆయన మాట నమ్మాను. అదీ నిజమే. నమ్మి కూడా చేసిన పని కాబట్టే దాన్ని పొరపాటు అనలేకపోతున్నాను.

ఆ గురువారం మూడు శాఖల ఉమ్మడి తనిఖీ. తనిఖీలో దారి చెక్కు చెదరకుండా ఉందని రాస్తే రెండో విడత డబ్బు వస్తుంది, కాలవ అవతలి గట్టు మీద కూడా దారి పడుతుంది. తనిఖీకి ముందు నడిమధ్యలో టైల్స్ లేపి మట్టి గుట్ట పోస్తే ఎలా ఉంటుంది? మునిసిపల్ ఇంజనీరుకు ఫోన్ చేశాను. "గురువుగారూ, గురువారం దాకా ఆగండి, మీకు దండం పెడతా" అన్నాడు. అతను ఆగమనాలనే నేను ఫోన్ చేశాను.

"తనిఖీ అయ్యాక చూద్దాం" అన్నాను లస్కరుతో.

"సరేనండి. గస్తీ పుస్తకంలో రాయండి మరి."

గస్తీ పుస్తకం అంటే కట్ట మీద రోజూ ఏం కనపడిందో రాసేది. ఆయనకు సంతకం తప్ప రాయడం రాదు. ఆయన చెప్పింది నేనో మా గుమాస్తానో రాస్తే కింద సంతకం పెట్టేవాడు. ఆ పుస్తకం కూడా తనిఖీలో చూస్తారు. నేను 'కట్ట సవ్యంగా ఉంది' అని రాసి ఆయన ముందుకు తోశాను.

"ఆరో బెంచీ రాశారా సార్?"

"రాశానయ్యా."

సంతకం పెట్టాడు. తన పేరులోని నాలుగు అక్షరాలూ ఒక్కొక్కటే, పలక మీద దిద్దినట్టు.

గురువారం తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. తర్వాత పై ఆఫీసులో ఏదో మీటింగు, దాని తర్వాత మా ఆవిడ తమ్ముడి కూతురి నిశ్చితార్థం, తర్వాత బిల్లుల పని. టైల్స్ లేపమని ఆయన మళ్ళీ రెండుసార్లు గుర్తుచేశాడు. రెండోసారి నేను విసుక్కున్నాను.

ఆ తర్వాత వానొచ్చింది. ఎంత వానో ఆ ఏడు ఇక్కడున్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. పొద్దున ఎనిమిదింటికి కాలవ నీళ్ళు కట్ట అంచుకు రెండు జానల దూరం దాకా లేచాయి. లస్కరు ఫోన్ చేశాడు.

"సార్, ఆరో బెంచీ ఒరిగింది. ఇవతలి వైపు నీళ్ళు ఊరుతున్నాయండి, బురదగా. ఇసక పంపించండి."

యార్డుకు పరిగెత్తాను. యార్డు గుమ్మం ముందు మోకాలి లోతు నీళ్ళు. ఎలాగో రెండు ట్రాక్టర్లు నింపించి కట్ట దగ్గరకు చేరేసరికి స్తంభాలు. గడ్డపారలతో కొడితే కాంక్రీటు పెచ్చులు లేచాయి తప్ప కదల్లేదు. బస్తాలు దింపి మనుషుల భుజాల మీద మోయించాం. కాలనీ మగవాళ్ళు ముప్ఫై మంది వచ్చారు. ముందు లస్కరు, ఆకుపచ్చ చొక్కా విప్పేసి, నడుముల దాకా బురదలో దిగి బస్తాలు పేరుస్తున్నాడు. కింద కాలనీలో నుంచి ఎవరో ఆయన్ని పిలిచి, మీ గేదె కట్టుగొయ్య దగ్గరే ఉంది, విప్పాలా అని కేకేశారు. ఆయనకు వినపడలేదు. నాకు వినపడింది. నేనూ చెప్పలేదు, బస్తాలు వేసేవాడు వెళ్ళిపోతాడని.

బెంచీ ముందు కూలింది, తర్వాత టైల్స్ వరసగా లోపలికి దిగాయి, ఎవరో కింద నుంచి లాగుతున్నట్టు. లస్కరే అందరినీ వెనక్కి నెట్టాడు. గండి పడింది. మధ్యాహ్నానికి కాలనీ కిటికీల దాకా నీళ్ళు. మనుషులు మేడల మీదికెక్కి బతికారు. కుట్టు మిషన్లు, బియ్యం బస్తాలు, పిల్లల సర్టిఫికెట్లు, ఆటోలు అన్నీ పోయాయి. లస్కరు గేదె కట్టుతాడు మీదే పోయింది.

విచారణ మా ఆఫీసులోనే జరిగింది. నిర్వహణ మునిసిపాలిటీదని మా శాఖ, కట్ట డ్రెయిన్ల వాళ్ళదని మునిసిపాలిటీ, మేం డబ్బిచ్చాం అంతే అని పట్టణాభివృద్ధి వాళ్ళు. మూడు శాఖలూ కలిసి వేసిన దారికి గండి పడ్డాక ఒక్క శాఖా సొంతదారు కాలేదు. చివరికి గస్తీ పుస్తకం తెమ్మన్నారు. నేనే తెచ్చి ఇచ్చాను.

విచారణాధికారి చదివాడు. "కట్ట సవ్యంగా ఉందని నువ్వే చెప్పావా?" అని లస్కరును అడిగాడు.

ఆయన నా వైపు చూశాడు. నేను బల్ల మీది కాగితాలు సర్దుకున్నాను.

"అందులో ఏం రాసుందండి?" అని అడిగాడు. మళ్ళీ చదివి వినిపించారు. ఆయన వంగి తన నాలుగు అక్షరాలూ చూసుకున్నాడు. తర్వాత, "సంతకం నాదేనండి" అన్నాడు.

గట్టు తిరగకుండానే తిరిగినట్టు రాయించాడని తేల్చి ఆయన్ని తీసేశారు. నన్ను జాగ్రత్తగా ఉండమని ఒక కాగితం ఇచ్చారు. మరుసటి ఏడు పూలదండతో రిటైరయ్యాను.

రెండేళ్ళకు ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాచ్‌మన్. నన్ను చూసి లేచాడు, స్టూలు నాకే జరిపాడు. నేను పైఅధికారులకు అంతా రాస్తానన్నాను, మళ్ళీ ఉద్యోగం వచ్చేలా చూస్తానన్నాను.

"ఉద్యోగం ఎందుకండీ ఇంక. ఇక్కడ బానే ఉంది. నీడపట్టు" అన్నాడు. మళ్ళీ ఆయనే, "ఒకటి చేస్తారా సార్? మా కాలనీకొచ్చి చెప్పండి. టీ కొట్టు దగ్గర నిలబడి చెబితే చాలు. నేను నిద్రపోయి వాళ్ళ కొంపలు ముంచానంటున్నారు. మా కోడల్ని కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకోనిచ్చేవాళ్ళు కారు. అందుకే ఇల్లు ఖాళీ చేశాం. నేను చెప్పాను, మీరు విన్నారు. ఆ ఒక్క మాట చాలు."

"ఆదివారం వస్తాను" అన్నాను.

ఆదివారం వెళ్ళలేదు. ఆ తర్వాతి ఆదివారం కూడా. కట్ట బాగుచేసి మళ్ళీ దారి వేశారు. తిరిగి తెరిచే రోజు పాతవాళ్ళను గౌరవించాలని నన్నూ పిలిచారు. మెళ్ళో మంగళగిరి కండువా వేశారు. మైకు చేతికిచ్చారు. కాలనీ జనమంతా ముందు కుర్చీల్లో ఉన్నారు. వెనక, స్తంభం దగ్గర, లస్కరు నిలబడి ఉన్నాడు. ఎవరో చెప్పి ఉంటారు. ఇంతకన్నా మంచి చోటు నాకు ఇంక దొరకదు. నేను మూడు శాఖల సహకారానికి కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాను. తలెత్తేసరికి స్తంభం దగ్గర ఎవరూ లేరు.

మొన్నీమధ్య, ఇంకో ఏడాది గడిచాక, టీ కొట్టు దగ్గరకు వెళ్ళి చెప్పాను. వెళ్ళేముందు పలక దగ్గర చాలాసేపు నిలబడ్డాను. కొట్టు దగ్గర అయిదారుగురున్నారు. డొల్ల ఉందని ఆయన ముందే చెప్పాడనీ, పుస్తకంలో నేను వేరేగా రాశాననీ చెప్పాను. టీ పోసే ఆవిడ గ్లాసు కింద పెట్టి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆయన అప్పుడే నెత్తీ నోరూ కొట్టుకున్నాడండి, నేను చెప్పానని. పుస్తకంలో లేదుగా అని మేమే నమ్మలా. తప్పుడు సంతకం పెట్టాడని మా ఆయన చెయ్యి కూడా చేసుకున్నాడు." ఆమె మొగుడు పక్కనే ఉన్నాడు. తల దించుకుని లోపలికి పోయాడు. "ఇంత తీరిగ్గా చెప్పడానికొచ్చారా? టీ తాగుతారా?" అంది.

తాగకుండా వచ్చేశాను. దారిలో లస్కరుకు ఫోన్ చేసి చెప్పానని చెప్పాను. పొగుడుతాడనుకోలేదు. ఏడుస్తాడనో తిడతాడనో అనుకున్నాను.

"సరేనండి" అన్నాడు. "కట్ట దాకా వెళ్ళారు కదా. కొత్త టైల్స్ తట్టి చూశారా? ఆ బజ్జీల బండి మళ్ళీ పెట్టారంట."

"చూశానయ్యా. బానే ఉంది" అన్నాను.

ఆయన ఫోన్ పెట్టేశాడు. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. చూడలేదు. పలక దాటి ఒక్క అడుగు వెయ్యలేదు. అయినా ఆ మాట నా నోట్లో నుంచి ఎంత నున్నగా వచ్చింది!

మర్నాడు వన్ టౌన్ ఇనప కొట్లో ఒక ఊచ కొన్నాను. పొద్దున్నే కట్టెక్కి మొదటి బెంచీ నుంచి తట్టుకుంటూ పోయాను. నడిచేవాళ్ళు పక్కకు తప్పుకుంటున్నారు. ఆకుపచ్చ చొక్కా వేసుకున్న కొత్త మనిషి ఈల ఊది, టైల్స్ పగులుతాయి పెద్దాయనా అన్నాడు. ఆరో బెంచీ ముందు తట్టాను. నాలుగు గజాలు ఇవతల తట్టాను. మళ్ళీ తట్టాను. చెవి ఆనించి విన్నాను. రెండూ ఒకటిగానే వినపడ్డాయి. డొల్ల లేక అలా వినపడిందో, ఉన్నా నాకు తెలియలేదో చెప్పలేను. తేడా తెలిసిన చెవి ఈ కట్టకు ఒక్కటే ఉండేది. దాన్నే నేను మా వాటా కింద రాసిచ్చాను.